మేం వేయించిన కోత

నల్లజర్ల చుట్టుపక్కల ఊళ్లలో అత్తలుగా, అమ్మలుగా, మేనత్తలుగా పెత్తనం చేసినవాళ్లం మేం. కోడలికి రెండోసారి కడుపు నిలవడం లేదంటే ముందు ద్వారకా తిరుమల మొక్కు, ఆ వెంటనే ఏలూరులోనా, విజయవాడలోనా ఏ సంతాన సాఫల్య కేంద్రం మంచిదన్న చర్చ. మొదటి కాన్పులో పడిన కోత ఊసు ఎవరూ ఎత్తరు. చాలా ఇళ్లలో అది మేం అడిగి వేయించిందే.

నెలలు నిండగానే పంతులుగారి దగ్గరికి పరిగెత్తాం. మూల రాకముందే, రాహుకాలం తగలకుండా బిడ్డ బయటపడాలని చీటీ రాయించుకున్నాం. అంచులకు పసుపు రాసిన ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో భద్రం. ఎందుకు కోశారో, గర్భసంచి మీద గాటు అడ్డంగా పెట్టారో నిలువుగా పెట్టారో రాసి ఉండే ఆసుపత్రి కాగితాన్ని మాత్రం మందుల బిల్లులతో కలిపి పాత పేపర్లవాడికి వేసేశాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. డాక్టర్లను తిట్టి ఊరుకోవడం తేలిక. నొప్పులు పడే పిల్ల పక్కన రాత్రంతా కూర్చునే ఓపిక మాకెక్కడిది?

పైకి మానిన కుట్టు కొందరిలో లోపల గుంటలా మిగిలిపోతుంది. అందులో నెలసరి రక్తం నిలిచి పిండం అంటుకోకుండా అడ్డుపడొచ్చు. అరుదుగా పిండం ఆ మచ్చలోనే నాటుకుంటుంది. మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోతే రక్తం ఆగక గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. అందుకే ఐవీఎఫ్‌కు ముందు మచ్చను స్కానింగులో చూడటం, ఒక్క పిండాన్నే పెట్టించుకోవడం మేలు. మేమేమన్నాం? "ఖర్చు ఎటూ తప్పదు, కవలలైతే ఒక్కసారే అయిపోతుంది కదండీ!"

2019 సెప్టెంబరులో గుంటూరులో, డెబ్బై దాటిన నేలపర్తిపాడు మంగాయమ్మకు ఐవీఎఫ్‌తో కవలలు పుట్టారని టీవీలో చూసి, ఆవిడకే అయితే మా పిల్లకేం లోటనుకున్నాం. ఆవిడకూ పెద్దాపరేషనే చేశారన్నది మా చెవికెక్కలేదు. ఈ చికిత్సకు ఆడవాళ్లకు 50 ఏళ్ల హద్దు పెడుతూ 2021లో చట్టమొచ్చింది. మా ఆశకు హద్దు లేదు.

తీరా కడుపు నిలిచాక డాక్టరమ్మ కోడలికే చెప్పబోయింది. పాత గాటు అడ్డంగా ఉండి మిగతావన్నీ అనుకూలిస్తే నూటికి 60 నుంచి 80 మంది మామూలుగానే కంటారు. కుట్టు విడిపోయే ప్రమాదం రెండొందల మందిలో ఒకరికి, కాబట్టి వెంటనే ఆపరేషన్ చేయగల చోటే కనాలి. "నువ్వేమంటావమ్మా?" అని ఆవిడ ఆ పిల్లను అడిగింది. జవాబు మేమిచ్చాం: "ఎందుకొచ్చిన రిస్కండీ, పంతులుగారిని కనుక్కుని రేపు చెబుతాం."