రంగును బట్టి పురుగును నిర్ధారించరాదు

యాసంగిలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలోని ముల్లంగి, క్యాబేజీ, ఆవ మళ్ళలో ఆకుపచ్చని పురుగు కనిపించగానే దానిని గొంగళి పురుగుగా భావించి మందు సూచించడం సమంజసం కాదు. అది ఆవ రంపపు ఈగ పిల్ల పురుగైనచో ఆ సూచన మొదటనే తప్పుతుంది. గొంగళి పురుగులపై పనిచేసే బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకి రకపు బాక్టీరియా మందు దీనిని అరికట్టలేదు. మందుకు, కూలికి వెచ్చించిన రైతుకు చివరకు ఈనెలు మాత్రమే మిగులుతాయి. జీవ నియంత్రణపై అతని నమ్మకం సడలడం అంతకంటే పెద్ద నష్టం.

పేరు కూడా కొంత తికమక పెడుతుంది. రంపపు ఈగ నిజానికి ఈగ కాదు. నాలుగు రెక్కలు గల ఈ కీటకం తేనెటీగలు, కందిరీగలు చేరిన హైమెనాప్టెరా క్రమానికి చెందినది. అయితే వాటికున్న సన్నని నడుము దీనికి లేదు. తల్లి పురుగు రంపం వంటి అవయవంతో ఆకు అంచును కోసి గుడ్లు పెడుతుంది. ఆవ పంటను ఆశించే జాతిలో తల్లి పురుగు దేహం నారింజ రంగులో, రెక్కలు పొగ రంగులో ఉంటాయి. 1758లో లిన్నేయస్ వర్ణించిన ఐరోపా ఆకుపచ్చ రంపపు ఈగ, రోగోగాస్టర్ విరిడిస్, పూర్తిగా వేరైనది. అక్కడి జాతులకై రూపొందిన గుర్తింపు సూచికను ఇక్కడి నమూనాలకు యథాతథంగా వర్తింపజేయరాదు. పైగా ఎండిన నమూనాలలో ఆకుపచ్చదనం వెలిసి పసుపుగా మారుతుంది.

పిల్ల పురుగు విషయంలో చేతి భూతద్దం చాలు. గొంగళి పురుగుకు పొట్ట కింద కృత్రిమ కాళ్ళు సాధారణంగా ఐదు జతలకు మించవు. వాటి కొనలలో సన్నని కొక్కెములుంటాయి. ఆవ రంపపు ఈగ పిల్ల పురుగుకు ఎనిమిది జతలుంటాయి, కొక్కెములుండవు. తలకు ఇరువైపులా ఒక్కొక్క కన్ను మాత్రమే ఉంటుంది. గొంగళి పురుగుకు సాధారణంగా ఆరేసి ఉంటాయి. వీపుపై ఐదు నల్లని చారలు, తాకగానే చుట్టుకొని నేలరాలే స్వభావం అదనపు ఆనవాళ్ళు. డైమండు రెక్కల పురుగు పిల్ల మాత్రం కదిలిస్తే గిలగిలలాడుతూ దారంపై వేలాడుతుంది.

పొలాస, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల విద్యార్థులకిచ్చే సూచికలో మొదటి ప్రశ్న కాళ్ళ లెక్కగా, చివరి ప్రశ్న రంగుగా ఉండడం మేలు. సేకరించిన పిల్ల పురుగులను ముందుగా వేడినీటిలో ముంచి, ఆ పిదప ఆల్కహాలులో భద్రపరచాలి. సీసాపై పంట పేరు తప్పక వ్రాయాలి. పరిశీలనకు ఉదయం, సాయంత్రం అనువైన వేళలు. మధ్యాహ్నం ఈ పురుగులు నేలలో దాగి ఉండగా మడిని చూచి పురుగు లేదని నమోదు చేసే ప్రమాదం ఉన్నది.