ఆరు నెలలని ఎవరు చెప్పారు?

మా క్యాంపులో ఒక తమ్ముడున్నాడు. జగిత్యాల వైపు మనిషి, స్టీల్ ఫిక్సరు. అరికాల్లో నల్లమచ్చ వస్తే మేకు గుచ్చుకున్న గుర్తనుకున్నాం. సేఫ్టీ షూ లోపలి పాదం ఎవరు చూస్తారు? ఏడాది తిరిగేసరికి గజ్జల్లో గడ్డ తేలింది. పరీక్షలు చేసి మెలనోమా అన్నారు. చర్మానికి వచ్చే కేన్సర్, అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది.

ఆ రాత్రికే క్యాంపంతా ఒకటే మాట, "ఆరు నెలలట". డాక్టరు అలా అననే లేదని తర్వాత తెలిసింది. ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారు. ఊళ్లో భార్యకు మాత్రం ఆ ఆరు నెలలే చేరాయి. ఇక్కడ మేము మొదలుపెట్టిన చందా కూడా, సిగ్గుతో చెబుతున్నాం, శవపేటిక ఖర్చులకన్నట్టే సాగింది.

ఆ అంకె ఒకప్పుడు అబద్ధం కాదు. 2011కు ముందు ఇలా పాకినవాళ్లలో సగానికి పైగా ఏడాదిలోపే పోయేవారు. ఆ ఏడు ఇపిలిముమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంట్లోని రక్షణ కణాలనే కేన్సర్ మీదికి ఉసిగొల్పే మందది. దానికి నివోలుమాబ్ కలిపి ఇచ్చినవాళ్లను పదేళ్లు గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. నూటికి సుమారు 43 మంది బతికే ఉన్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, తొంభై ఏళ్ల వయసులో, కాలేయానికీ మెదడుకూ పాకింది. ఈ కోవ మందే వాడారు. నూరేళ్లు నిండాక 2024 డిసెంబరులో కన్నుమూశారు.

అలాగని ఆ 43 మనవాడికి తెచ్చి అతికించలేం. ఆ లెక్క ఎక్కువగా తెల్లవాళ్లది. మన రంగువాళ్లకు అరికాలు, అరచేయి, గోటి కింద వచ్చే రకానికి ఎండతో పని లేదు, ఈ మందులకు అది అంతగా లొంగదు కూడా. మరి డాక్టర్లు దేన్నిబట్టి అంచనా వేస్తారు? ఎక్కడికి పాకిందన్నది మొదటిది. మెదడుకు పాకితే గడ్డు, ఊపిరితిత్తుల వరకే అయితే కొంత నయం. రక్తంలో ఎల్‌డీహెచ్ పెరిగిందా అన్నది రెండోది. మనిషి తన పనులు తాను చేసుకుంటున్నాడా, కణితిలో బీర్యాఫ్ అనే జన్యువు మారిందా అని కూడా చూస్తారు. అది మారితే మాత్రలు వేరే ఉన్నాయి.

మనమూ ఏడు రోజుల క్యూబు టెస్టు చేసి 28 రోజుల బలం అంచనా కడతాం. ఆ రిజల్టు చూసి కాలమ్ కూలిపోతుందని ఇంటికెళ్లిపోతామా? క్యూరింగ్ మానేస్తామా? మనిషి దగ్గర మాత్రం అదే చేశాం. "ఎలాగూ పోయేవాడే, పంపించెయ్యండి" అన్న పెద్దమనుషులూ మనలోనే ఉన్నారు.

మందు ఖరీదు డోసుకు లక్షల్లో ఉంటుంది, అది దాచి లాభం లేదు. అందుకే హైదరాబాదు ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రిలో ముందు చూపించమన్నాం. బయాప్సీ బ్లాకులు, స్కాన్ సీడీలు అడిగి తీసుకున్నాం. చందా డబ్బు టికెట్టుకూ పరీక్షలకూ మళ్లించాం. రాత్రి బూట్లు విప్పినప్పుడు ఒకరి పాదాలు ఒకరం చూసుకుంటున్నాం. మచ్చ మందం మిల్లీమీటరు లోపు ఉండగానే కోసి తీసేస్తే చాలామంది బయటపడతారు.

తమ్ముడి మెదడు స్కాన్‌లో ఏమీ లేదు. ఎల్‌డీహెచ్ మామూలుగానే ఉంది. గురువారం రాత్రి విమానం. ఆరు నెలల మాట తప్పని అతని భార్యకు ఫోన్ చేసి చెప్పాం. ఆమె ఇంకా నమ్మడం లేదు.