నీరు ఎక్కడ ఆగుతోంది?

కర్నూలు పాతపట్నంలోని మా ఇల్లు నాన్నగారు 1983లో కట్టించినది. పెరటి సంపులో పడే మునిసిపల్ నీటిని మోటారు మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. అక్కడి నుండి అది ఇనుప పైపుల గుండా కొళాయిలకు దిగుతుంది. పోయిన వేసవి నాటికి క్రింది అంతస్తులోని వుజూ కొళాయి ధార బాగా సన్నబడింది. ఎనభై ఏళ్ళు దాటిన మా అమ్మీ ఫజ్ర్ వేళ కొళాయి దగ్గర నిలబడి ఎదురుచూడవలసి వస్తుందని, నా శ్రీమతి అరగంట ముందే లేచి బకెట్లు నింపి ఉంచేది. ఆమె ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. కనుక ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా చిన్నవాడు తేలికైన ఉపాయం చెప్పాడు: “అబ్బా! మునిసిపల్ పైపుకే నేరుగా ఒక మోటారు బిగిద్దాం. వీధిలో కొందరు పెట్టుకున్నారు కూడా.”

“వారం రోజులు ఆగు బేటా! ముందు నీరు ఎక్కడ ఆగుతోందో చూద్దాం” అన్నాను.

ఆ వారంలో మేము నేర్చుకున్నది పాత ఇళ్ళలో నివసించే పాఠకులకు ఉపకరిస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి పని కొలవడం. “నీళ్ళు సరిగా రావడం లేదు” అనే మాటతో ఏ లోపమూ దొరకదు. పది లీటర్ల బకెట్టు, చేతి గడియారం తీసుకుని ప్రతి కొళాయి క్రిందా బకెట్టు నిండే సమయాన్ని కాగితంపై వ్రాసుకోండి. మా వుజూ కొళాయికి నాలుగు నిమిషాలు పట్టింది. మేడమీది స్నానాల గదిలో ఒకటిన్నర నిమిషం చాలింది.

ఈ రెండు అంకెలే సగం సంగతి చెప్పివేశాయి. ట్యాంకు నీటికి బలం ఎత్తు నుండే వస్తుంది. పది మీటర్ల ఎత్తు ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి లభిస్తుంది. మేడ గదిలోని కొళాయి ట్యాంకుకు రెండు మీటర్ల దిగువనే ఉంటే, దానికి అందేది అందులో ఐదో వంతు మాత్రమే. కనుక పై అంతస్తులో ధార కొంత మందంగా ఉండడం సహజం. దానికి మందు ట్యాంకును మరికొంత ఎత్తున నిలపడమే. కానీ పైన బాగా వచ్చి క్రింద సన్నగా వస్తున్నదంటే, ట్యాంకులో లోపం లేదు, క్రిందికి దిగే దారిలోనే అడ్డు ఉన్నది.

ఇల్లంతటా కాక ఒకే కొళాయిలో ధార తగ్గితే సంతోషించండి. దాని మూతి వద్ద జల్లెడ ఉంటే విప్పి చూడండి. ఇసుక రేణువులు, తెల్లని ఉప్పు పేరుకుని ఉంటాయి. ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి కడిగితే చాలు. జల్లెడ శుభ్రంగానే ఉంటే వాషర్‌ను, గోడ వద్ద ఉన్న చిన్న వాల్వ్‌ను పరిశీలించండి. వేడినీటి వైపు మాత్రమే తగ్గితే గీజర్‌లో, దానికి నీరు చేరే మార్గంలో ఉప్పు పేరుకున్నదని అనుమానించాలి. ట్యాంకు కడిగిన మరునాడే ధార తగ్గితే పైపులో గాలి చిక్కుకుని ఉండవచ్చు. అప్పుడు ట్యాంకును నింపి, క్రింది కొళాయిలన్నీ కొంతసేపు తెరచి ఉంచితే చాలాసార్లు తొలగిపోతుంది.

లీకు అనుమానమైతే రాత్రి పడుకునే ముందు ట్యాంకులో నీటి మట్టం వద్ద గుర్తు పెట్టి, ఎవరూ నీరు వాడకముందే తెల్లవారి చూడండి. మట్టం దిగి ఉంటే ఎక్కడో నీరు కారుతోంది.

ఇవేవీ కాకపోతే అడ్డు గోడ లోపలి పైపులో ఉన్నట్టే. దానికి మూడు గుర్తులున్నాయి. కొళాయి తిప్పగానే ధార ఒక్క క్షణం బలంగా దూకి వెంటనే సన్నబడుతుంది. వంటగది కొళాయి విప్పితే స్నానాల గది ధార చచ్చిపోతుంది. ఉదయం మొదట వచ్చే నీరు తుప్పు రంగులో ఉంటుంది. మా ఇంట మూడూ కనిపించాయి.

క్రిందికి దిగే పైపుపై ఉన్న పాత గేట్ వాల్వ్‌ను మొదట విప్పించాము. చక్రం హాయిగా తిరుగుతూనే ఉన్నది. కానీ లోపలి పలక ఊడిపోయి దారికి అడ్డంగా సగం దిగి నిలిచిపోయింది. దానిని మార్చగానే నాలుగు నిమిషాలు మూడయ్యాయి. ఆ మీదట ప్లంబరు వుజూ స్థలానికి చేరే పైపు మలుపును కోసి మా చేతిలో పెట్టాడు. అర అంగుళం పైపులో, తుప్పు గడ్డల నడుమ, పెన్సిల్ దూరేంత రంధ్రమే మిగిలి ఉన్నది. జింకు పూత అరిగిపోయిన ఇనుప పైపులో ఏళ్ళ తరబడి జరిగేది ఇదే. పైపు లోపలి వెడల్పు సగానికి తగ్గితే నీరు సగానికి తగ్గదు, సుమారు ఆరో వంతుకు పడిపోతుంది.

కొందరు ఇటువంటి పైపుల్లో యాసిడ్ పోయిస్తారు. అది చేయకండి. తుప్పుతో పలచబడిన గోడ చిల్లులు పడుతుంది, ఆ యాసిడ్ త్రాగే నీటిలో కలిసే ప్రమాదమూ ఉన్నది. మేము క్రిందికి దిగే ప్రధాన పైపును ఒక అంగుళం సీపీవీసీతో, కొళాయికి చేరే చివరి ముక్కను అర అంగుళంతో మార్పించాము. మేడమీది పైపుల జోలికి పోలేదు. ఇప్పుడు బకెట్టు నిండడానికి ఒక నిమిషం కంటే కొద్దిగా ఎక్కువ పడుతుంది.

ఆ కోసిన ముక్కను మా చిన్నవాడు చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. “అబ్బా! నేను చెప్పిన మోటారు పెట్టి ఉంటే?” అన్నాడు.

పెట్టి ఉంటే సంపు త్వరగా నిండేది. అది మామూలుగానూ నిండుతూనే ఉన్నది. వుజూ కొళాయి మాత్రం అలాగే ఉండిపోయేది. మా వీధి పైపు చివర ఒక వితంతువు ఇల్లు ఉన్నది. నీరు వదిలిన కాసేపట్లోనే ఆమె బిందెలు పట్టుకోవాలి. మా మోటారు పీల్చేది ఆమె బిందెలోని నీటినే. పొరుగువారి హక్కు గురించి ప్రతి సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పే నేను, తెలియకుండానే దానిని కాలరాచి ఉండేవాణ్ణి. అంతేకాదు, మోటారు అలా పీల్చినప్పుడు భూమిలోని పైపుకు ఎక్కడ పగులు ఉంటే అక్కడి నుండి మురుగు కూడా లోపలికి వస్తుంది. ఆ నీరు ఆమె బిందెకూ చేరుతుంది, మన సంపుకూ చేరుతుంది. నిబంధనలు దీనిని నిషేధించింది ఊరకనే కాదు.

ధార పెరిగాక మరొక జాగ్రత్త అవసరమైంది. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసు తెలుపుతున్నది. అది నేటి కొలతలో లీటరు కంటే తక్కువ. మా కొత్త కొళాయిని పూర్తిగా తిప్పి రెండు నిమిషాలు వుజూ చేస్తే పదిహేను లీటర్లకు పైగా పోతున్నది. అందుచేత సగం కంటే తక్కువే తిప్పాలని ఇంట్లో నియమం పెట్టుకున్నాము.

నా శ్రీమతి ఇప్పుడు ఆ అరగంట నిద్రపోతున్నది. ఈ రాత్రి మీ ఇంట కూడా బకెట్టు, గడియారం పట్టుకుని కొలవండి. అంతకు ముందు, తెల్లవారుజామున బకెట్లు నింపుతున్నది ఎవరో అడిగి తెలుసుకోండి.