522124: మన పిన్ కోడ్‌లో ఒక మంచి లెక్క

అడ్మిషన్ ఫారంలో, కొరియర్ కవరు మీద మనం రాసే 522124 మన పొన్నూరు పిన్ కోడ్. తపాలా శాఖ ఈ పద్ధతిని 1972 ఆగస్టు 15న ప్రారంభించింది. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న జోన్‌ను చెబుతుంది. చివరి మూడు అంకెలు పోస్టాఫీసువి. ఇదంతా జనరల్ నాలెడ్జ్. దీన్నే అయిదు లక్షల ఇరవై రెండు వేల నూట ఇరవై నాలుగు అని చదివితే మ్యాథ్స్ మొదలవుతుంది.

ఈ అంకెలన్నీ కూడితే 16, గుణిస్తే 160. ఇది సరదాకే. అసలు పని ఫ్యాక్టర్స్ కనుక్కోవడం. చివరి రెండంకెలు 24 కాబట్టి 4తో భాగించవచ్చు. 130531 వస్తుంది. ఇక్కడి నుంచే కష్టం. 3, 5, 11 రూల్స్ ఏవీ పనిచేయవు. 7తో భాగిస్తే శేషం 2, 13తో 11. 19 దగ్గర శేషం 1, అందినట్టే అంది జారిపోతుంది.

మరి ఎక్కడ ఆపాలి? ఏ సంఖ్యనైనా రెండు సంఖ్యల లబ్ధంగా విడగొడితే, వాటిలో చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. 361×361 అంటే 130321. 362×362 అంటే 131044. కాబట్టి 361 వరకు ఉన్న 72 ప్రైమ్ నంబర్లతో చూస్తే చాలు. అన్నీ చూసినా ఒక్కటీ భాగించదు. అంటే 130531 కూడా ప్రైమ్ నంబరే! దాని పక్కనే ఉన్న 130530 మాత్రం 2×3×5×19×229గా విడిపోతుంది.

పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినిపించే మాట, "మా వాడికి స్పీడ్ రావడం లేదండీ." పోటీ పరీక్షలకు వేగం కావాలి, కాదనను. కానీ వేగం ఒక్కటే నేర్పితే, నిమిషంలో తేలని లెక్కను పిల్లలు పక్కన పెట్టేస్తారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ అలా తేలని లెక్కలే ఎక్కువ. 72 భాగహారాలు ఓపికగా చేసి, "ఇది విడిపోదు, ఎందుకో నేను చెప్పగలను" అనే పిల్లవాడు పది షార్ట్‌కట్‌ల కంటే ఎక్కువే నేర్చుకున్నట్టు.

అందుకే నా మనవి. ఈ నెలలో ఒక ఆదివారం మీ పిల్లలకు ఒక పిన్ కోడ్ ఇవ్వండి. తెనాలిది 522201, బాపట్లది 522101. అమ్మమ్మగారి ఊరిదైతే మరీ మంచిది. క్యాలిక్యులేటర్ వద్దు, టైమ్ పెట్టవద్దు. "ఎంత వచ్చింది?" అని కాకుండా "ఎంతవరకు వచ్చావు?" అని అడగండి. ఆ జవాబు ఏ గైడ్‌లోనూ ఉండదు. సోమవారం ఆ నోట్‌బుక్ నాకు పంపండి, పూర్తి కాకపోయినా సరే.