మర్యాద నేర్వవలసినది ఎవరు?

"కుక్కతోక వంకర" అన్న సామెతను మనవాళ్ళు కుక్కల కన్నా మనుషుల విషయంలోనే ఎక్కువగా వాడతారు. అయితే ఇంట్లో కుక్కను పెంచుకునేవారు కూడా ఆ సామెతను అక్షరాలా నమ్మి, "దాని బుద్ధే అంత" అని చేతులు దులుపుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. తోక వంకర శరీరధర్మం. నడవడిక నేర్పితే వచ్చేది. మనం పనిగట్టుకుని నేర్పకపోయినా, మన చేతలను చూసి కుక్క ప్రతిదినమూ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది.

భోజనాల వేళ కుక్క బల్ల దగ్గరకు వచ్చి మొరుగుతుంది. ఇంటాయన "ఛీ, అవతలికి పో" అని కసురుకుంటాడు. పిల్లవాడు ఎవరూ చూడకుండా బల్ల కింద చపాతీ ముక్క అందిస్తాడు. నానమ్మ "పాపం, నోరులేని జీవం" అంటూ పెరుగన్నం ముద్ద పెడుతుంది. మరునాడు అదే మొరుగుడుకు దెబ్బ పడుతుంది. ఇందులో కుక్క గ్రహించినదేమిటి? మొరిగితే ఎప్పుడో ఒకప్పుడు తిండి దొరుకుతుందని! అప్పుడప్పుడూ ఫలించే పనిని ఏ ప్రాణీ అంత సులభంగా మానుకోదు. లాటరీ టిక్కెట్లు కొనే మనిషిని తలచుకుంటే ఈ సూత్రం బోధపడుతుంది. మరి తప్పు కుక్కదా, ఒక్క మాట మీద నిలవని ఇంటిదా?

భాష సంగతీ అంతే. కుక్కతో ఆంగ్లంలోనే మాట్లాడాలన్న నియమం మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో గానీ, ఆంగ్లం ముక్క రాని పెద్దవాళ్ళు సైతం దానిని చూడగానే "కమ్, సిట్" అంటారు. కుక్కకు ఏ భాషా మాతృభాష కాదు. ఏ మాటైనా దానికి ఒక ధ్వని, ఆ ధ్వని వెంట వచ్చే ఫలితం. చిక్కల్లా ఒకే పనికి ఒకరు "సిట్", ఒకరు "కూర్చో", మరొకరు "డౌన్" అనడంలో ఉంది. "రా", "ఆగు", "కూర్చో", "వద్దు" — ఈ నాలుగు పొట్టి మాటలతో మొదలుపెట్టి, ఇంటిల్లిపాదీ వాటికే కట్టుబడితే చాలు. చెప్పిన పని చేసిన ఒకటి రెండు సెకన్లలోనే ఉడికించిన కోడిమాంసం ముక్కో, క్యారెట్ ముక్కో అందివ్వాలి. ఐదు నిమిషాల తర్వాత ఇచ్చిన బహుమానం, ఆ సమయానికి అది చేస్తున్న వేరే పనికి చెందుతుంది.

దండనకూ ఈ లెక్కే వర్తిస్తుంది. ఉదయం గదిలో తడి చేసిన కుక్కపిల్లను సాయంత్రం ముక్కు నేలకు రుద్ది కొడితే, దానికి అర్థమయ్యేది యజమాని ఇంటికి రావడం ప్రమాదమని మాత్రమే. "చూడండి, తల ఎలా దించుకుందో, తప్పు చేశానని తెలుసు దానికి" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ప్రచురించిన పరిశోధనలో తేలినది వేరు. ఆ దీనమైన చూపు యజమాని మందలింపుకు ప్రతిస్పందన. తప్పు చేయని కుక్కను మందలించినా అలాగే చూస్తుంది. రెండు మూడు నెలల పిల్ల గంటల తరబడి ఆపుకోలేదు. నిద్ర లేచినప్పుడు, తిన్నాక, ఆడుకున్నాక బయటికి తీసుకెళ్ళి, అక్కడ పని కానిచ్చినప్పుడు మెచ్చుకోవడమే దీనికి మార్గం.

"కుక్క తోడేలు జాతి, దానిని అణచి ఉంచకపోతే మన నెత్తికెక్కుతుంది" అనే వాదన ఒకటుంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధనంలో ఉన్న తోడేళ్ళను పరిశీలించి రాసిన విషయాలకు, డేవిడ్ మీచ్ 1970లో వెలువరించిన గ్రంథం విశేష ప్రచారం కల్పించింది. ఆ మీచే 1999లో, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమని వివరించి, ఆధిపత్యపు భావనను సవరించాడు. మూలమే సడలిన తర్వాత కూడా దాని పేరుతో మన ఇళ్ళలో కర్రలు ఆడుతూనే ఉన్నాయి.

కర్ర వల్ల జరిగే అసలు కీడు ఇంకొకటి. కుక్క గుర్రుమనడం ఒక హెచ్చరిక: "నాకు ఇబ్బందిగా ఉంది, దూరంగా జరుగు" అని. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది హెచ్చరించడం మానేస్తుంది, ఇబ్బంది మాత్రం లోపలే మిగులుతుంది. అలాంటి కుక్క ఒకనాడు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. అప్పుడు బలయ్యేది, తరచుగా, దాని మెడ చుట్టూ చేతులు వేసిన పసిపిల్ల. ఆ తర్వాత కుక్కను ఊరి చివర వదిలేసి వస్తారు. అది అక్కడ ఆకలితో నకనకలాడుతుంది.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ అకారణంగా జంతువును ఆకలిదప్పులకు వదిలేయడాన్నే కాదు, ఎప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడాన్ని కూడా నేరంగానే పేర్కొన్నది. చట్టానికి భయపడి కుక్కను ప్రేమించమని నేను అనను. కానీ పిల్లను తెచ్చుకునే ముందు ఇంట్లో అందరూ ఒక్క పూట కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరు తిప్పుతారు? ఎవరు తిండి పెడతారు? ఏ మాటలు వాడదాం? మంచం ఎక్కనిస్తామా, లేదా? వీటికి ఒకే జవాబు రాని ఇంటికి కుక్క రాకపోవడమే ఆ కుక్కకూ ఆ ఇంటికీ మేలు.