ఎడమకాలి పాఠం

మా మనుమరాలికి టెన్నిస్ నేర్పే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. ఒంగోలు ఎండకు భయపడి తెల్లవారకముందే మట్టి కోర్టుకు చేరేవాళ్లం. నాకు వచ్చిన సూత్రం ఒక్కటే: ఎడమభుజం వలకేసి తిప్పు, ఎడమకాలు ముందుకు వెయ్యి, అప్పుడు కొట్టు. రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ సెమీఫైనల్స్ ఆడిన 1960, 61 నాటి కొయ్య రాకెట్ల పాఠం అది.

పిల్లేమో కుడివైపు దూరంగా వచ్చిన బంతికి కాలు కదపకుండా, వలకెదురుగా నిలబడే కొట్టేది. కేకలేశాను. నాలుగు రోజులు నా మాట విన్నది. నాలుగు రోజులూ బంతికి ఆలస్యమే! అయిదోనాడు రాకెట్ నా చేతిలో పెట్టి, "తాతయ్యా, కాలు అడ్డంగా వేశాక మళ్లీ మధ్యకు ఎప్పుడు రాను?" అంది. ఇక ఆడనేమో అనిపించింది.

ఆ రాత్రి, 2005లో హైదరాబాదులో టైటిల్ గెలిచిన సానియా మీర్జా ఆటలు ముందేసుకుని పాదాలే చూశాను. దూరపు బంతికి బరువంతా కుడికాలి మీద. నడుమూ భుజాలూ మాత్రం పూర్తిగా తిరిగి ఉన్నాయి. మా పిల్లకు లోపించింది ఆ తిరుగుడేగాని అడుగు కాదు!

పొట్టిగా పడిన బంతికి మాత్రం నా ఎడమకాలే మేలు. అక్కడ ముందుకు నడవడానికి వ్యవధి ఉంటుంది. ఒంటిచేతి బ్యాక్‌హాండ్‌కయితే కుడికాలు. ఏదైనా సరే, అవతలివాళ్లు బంతి కొట్టే క్షణానికి చిన్న గెంతు వేసి మునివేళ్ల మీద ఉండాలి.

మర్నాడు నోరు మూసుకుని బంతులు అందించాను. పొట్టి బంతి ఒకటి పడగానే మాత్రం ఆగలేక, "ఎడమకాలు!" అని అరిచాను. అప్పటికే వేసేసింది.