మన కొమ్ములు ఎవరి స్వాగతానికి?

సంక్రాంతి సెలవుల్లో తోటి టీచరు ఇంటికి మామిడికుదురు వెళ్ళాం. మేం నలుగురం, అందరం కోయ పంతుళ్ళమే. ఆదివారం పొద్దున్నే అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం చేరాం. మా శబరి నీళ్ళు గోదావరిలో కలిసి, గౌతమిగా ఆ వంతెన కిందనుంచే సముద్రానికి పోతాయి. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. 1846 నాటి సెయింట్ ఆన్స్ కథోలిక చర్చి అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది.

మేం క్రైస్తవులం కాము. చర్చి చూద్దామని వెళితే పూజ మొదలైంది. చెప్పులు బయట విడిచి వెనక వరుసలో కూర్చున్నాం. అందరూ లేస్తే లేచాం, మోకరిస్తే తల వంచాం. ఒకప్పుడు ఈ పూజ లాటిన్‌లోనే సాగేది. 1962-65 వాటికన్ మహాసభ తరవాతే జనం భాషల్లోకి వచ్చింది. తెలుగులో విన్నా మాకు సగమే అర్థమైంది, అది వేరే సంగతి. సత్ప్రసాదానికి వరుస కట్టినప్పుడు మాలో చిన్నవాడు లేవబోయాడు. పక్కనున్న పెద్దావిడ "అది జ్ఞానస్నానం పొందినవాళ్ళకు బాబూ, కూర్చో" అని మెల్లగా చెప్పింది. మాకు కోపం రాలేదు. ఎవరింటి కట్టు వారిది.

మరి మన ఇంటి కట్టు ఏమైంది? విజ్జ పండుగనాడు పూజారి విత్తనాలు పంచుతుంటే బయటివాళ్ళు బూట్లతోనే లోపలికొస్తారు. "ఫోన్ సరిగ్గా పట్టలేదు, మళ్ళీ ఒకసారి చేయండి" అంటారు. పెళ్ళికీ పండుగకీ కట్టుకునే కొమ్ములను మంత్రి కారు దిగేచోట కట్టుకుని ఎండలో నిలబడమంటారు. యానాంలో ఫాదర్‌గారిని ఎవరైనా ఇలా అడగగలరా? పూజ సామాను పట్టుకుని ఆఫీసు గేటు దగ్గరకొచ్చి స్వాగతం పలకమనగలరా?

గోడలుంటే చరిత్ర, చెట్టయితే ఖాళీ జాగా. పోలవరం ముంపు ఊళ్ళలో మన వేల్పుల చోట్లను చూసిన చూపు ఇదే.

బయటివాళ్ళను తిట్టి ఊరుకుంటే అబద్ధమాడినట్టే. ఫోన్ రాగానే పిల్లలను వ్యానెక్కించేది మనమే. "ఆడితేనే కదా కళ బతికేది, పిల్లలకు సర్టిఫికెట్టు కూడా వస్తుంది" అని సర్దిచెప్పేదీ మనమే. ఆ పిల్లలను కొమ్ము ఎందుకు కడతారో, ఏ పాట ఏ పండుగదో అడిగి చూడండి. స్టెప్పులు వచ్చు, సంగతి తెలియదు. అలా బతికేది కళ కాదు, ఆఫీసువాళ్ళ కార్యక్రమం.

ఆచారాలను, సాంస్కృతిక ఉనికిని కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. ఎవరు ఎక్కడిదాకా రావాలో, దేన్ని ఫోటో తీయకూడదో ఊరే తీర్మానం రాసుకోవచ్చు. ఆ పెద్దావిడలాగా మెల్లగా చెబితే చాలు, వినేవాళ్ళు వింటారు. విననివాళ్ళకు తీర్మానం కాగితం చూపిద్దాం.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఆటకు పిల్లలు కావాలని మా బడికి కబురొచ్చింది. ముందు గ్రామసభను అడగండని నలుగురం సంతకాలు పెట్టి రాసిచ్చాం. ఇంకా జవాబు రాలేదు.